మశూచి పోయింది, రేబీస్ ఎందుకు పోలేదు?

గోదావరి మాస్టారు:

సభ్యులందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. సూక్ష్మజీవుల పాఠం జరుగుతుండగా ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు పాఠ్యపుస్తకం దాటి సమాధానం చెప్పాలనిపించి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. జెన్నర్ 1796లో మశూచికి టీకా వేశాడు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ ఆ వ్యాధి భూమి మీద లేదని ప్రకటించింది. పాశ్చర్ 1885లోనే రేబీస్‌కు టీకా వేశాడు. అయినా ఏటా ప్రపంచంలో దాదాపు 59,000 మంది దానితో మరణిస్తున్నారని అంచనా. “రెండూ వైరస్‌లే, రెండింటికీ టీకాలున్నాయి, మరి రేబీస్ వైరస్ అంత మొండిదా సార్?” అని ఆ అమ్మాయి అడిగింది. వైరస్ స్వభావం, అది వ్యాపించే తీరు, నివారణ, ఈ మూడింటిలో అసలు తేడా ఎక్కడుందో తెలిసినవారు వివరించగలరు.

సూక్ష్మదర్శిని:

మాస్టారూ, ప్రశ్న చాలా లోతైనది. నేను వైరాలజీ బోధిస్తాను కాబట్టి వైరస్‌ల దగ్గర మొదలుపెడతాను.

మశూచిని కలిగించే వారియోలా వైరస్ చాలా పెద్దది. ఇటుక ఆకారంలో, సుమారు 300 నానోమీటర్ల పొడవు ఉంటుంది. దాని జన్యుపదార్థం రెండు పోగుల డీఎన్ఏ, దాదాపు 1,86,000 క్షార జంటలు. డీఎన్ఏ వైరస్‌లు సాధారణంగా కణకేంద్రకంలోకి వెళ్లి అక్కడి యంత్రాంగాన్ని వాడుకుంటాయి. ఇది మాత్రం తనకు కావలసిన ఎంజైములను వెంట తెచ్చుకొని, కేంద్రకం జోలికి పోకుండా కణద్రవ్యంలోనే వృద్ధి చెందుతుంది. జన్యువులను నకలు తీసేటప్పుడు తప్పులు దిద్దుకునే ఏర్పాటు కూడా దానికి ఉంది, అందువల్ల ఏళ్లు గడిచినా దాని రూపం పెద్దగా మారదు. ఒకసారి టీకా పనిచేస్తే ఎక్కడి మశూచికైనా పనిచేసింది. గోమశూచి వైరస్, ఆ తర్వాత టీకాలో వాడిన వ్యాక్సీనియా వైరస్, రెండూ వారియోలాకు దగ్గరి బంధువులు కావడం వల్లనే జెన్నర్ పద్ధతి ఫలించింది.

రేబీస్ వైరస్ దీనికి పూర్తిగా భిన్నం. తుపాకీ గుండు ఆకారం, ఒకే పోగు ఆర్ఎన్ఏ, సుమారు 12,000 న్యూక్లియోటైడ్లు, కేవలం 5 ప్రోటీన్లు. వారియోలాలో దాదాపు 200 జన్యువులుంటే ఇది అయిదింటితోనే నెగ్గుకొస్తుంది. వాటిలో ఉపరితలం మీద ముళ్లలా ఉండే గ్లైకోప్రోటీన్ మనకు ముఖ్యం. నాడీ, కండర కణాల మీది గ్రాహకాలను పట్టుకునేది అదే, టీకా వల్ల పుట్టే ప్రతిరక్షకాలు గురిపెట్టేది కూడా దాన్నే. ఆర్ఎన్ఏ వైరస్ అనగానే అది వేగంగా మారిపోతుందని, టీకా పాతబడుతుందని అనుకుంటారు. రేబీస్ విషయంలో అది నిజం కాదు. కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌కు ఇప్పటి టీకాలు అన్ని దేశాల్లోనూ పనిచేస్తున్నాయి. కాబట్టి వైరస్ మొండితనం సమాధానం కాదని మీ విద్యార్థినికి నిస్సందేహంగా చెప్పవచ్చు.

తేడా అంతా అవి శరీరంలో నడిచే దారిలో ఉంది. వారియోలా శ్వాసమార్గం గుండా ప్రవేశించి, లింఫు కణుపుల్లో పెరిగి, రక్తంలోకి చేరుతుంది. 7 నుంచి 17 రోజుల తర్వాత తీవ్రమైన జ్వరం, నడుము నొప్పి, ఆపైన నోటిలోనూ చర్మం మీదా పొక్కులు వస్తాయి. రేబీస్ వైరస్ రక్తం జోలికే పోదు. కాటు పడిన చోట కొంతకాలం కండరంలో ఉండి, నాడి చివర దొరకగానే అందులోకి దూరి, రోజుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున వెన్నుపాము వైపు, మెదడు వైపు సాగుతుంది. నాడి లోపల ఉన్నంతకాలం రోగనిరోధక వ్యవస్థ కంట్లో దాదాపు పడదు. మెదడును చేరాక మళ్లీ నాడుల గుండానే లాలాజల గ్రంథుల్లోకి దిగుతుంది. లక్షణాలు కనిపించేసరికి చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

విశ్రాంత సూపర్‌వైజర్:

సూక్ష్మదర్శిని గారు చెప్పినదానికి క్షేత్రంలో చూసినవాడిగా కొంత కలుపుతాను. నేను ఆరోగ్య శాఖలో చేరిన తొలి ఏళ్లలోనే మశూచి నిర్మూలన కార్యక్రమం చివరి దశకు వచ్చింది. మా పై అధికారులు మాకు నేర్పిన మొదటి విషయం టీకా వేయడం కాదు, రోగిని వెతకడం.

మన దేశంలో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం 1962లో ప్రారంభమైంది. జనాభాలో అత్యధికులకు టీకా వేస్తే వ్యాధి దానంతటదే పోతుందన్నది అప్పటి ఆలోచన. కోట్ల టీకాలు వేశారు, లెక్కలు బ్రహ్మాండంగా కనిపించాయి, వ్యాధి మాత్రం పోలేదు. బడిలో సులభంగా దొరికే పిల్లలకే మళ్లీ మళ్లీ టీకాలు పడుతుండగా, పసిపిల్లలు, వలస కూలీలు, ఊరి చివర ఉండేవారు తప్పిపోయేవారు. ఈ లోగా 1966 డిసెంబరులో నైజీరియాలో టీకాలు చాలనప్పుడు విలియం ఫేగీ అనే వైద్యుడు మరో మార్గం పట్టాడు. రోగి ఉన్న ఇంటిని గుర్తించి, అతనితో మెలగినవారికి, వారి చుట్టూ ఉన్నవారికి వలయంగా టీకాలు వేస్తే ఆ ప్రాంతంలో వ్యాధి ఆగిపోయింది. 1973 నుంచి మన దేశంలోనూ ఇదే పద్ధతిని గట్టిగా అమలు చేశారు. బీహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్, మధ్యప్రదేశ్ రాష్ట్రాల్లో ఇంటింటి గాలింపు జరిగింది. పొక్కులతో ఉన్న బిడ్డ బొమ్మ ముద్రించిన కార్డును సంతల్లోనూ బడుల్లోనూ చూపి, “ఇలాంటివారు మీ ఎరుకలో ఉన్నారా?” అని అడిగేవారు. రోగి సమాచారం ఇచ్చినవారికి నగదు బహుమతి ఇచ్చేవారు. రోగి ఇంటి ముందు రాత్రింబవళ్లు కాపలా ఉండేది.

ఈ పద్ధతి పనిచేయడానికి మశూచి స్వభావమే కారణం. పొదిగే కాలంలో, అంటే వైరస్ సోకినప్పటి నుంచి లక్షణాలు కనిపించేవరకు, రోగి ఇతరులకు అంటించడు. అంటించే సమయానికి ముఖం నిండా పొక్కులుంటాయి కనుక ఎవరైనా గుర్తుపట్టగలరు. ఆటలమ్మలో పొక్కులు ఛాతీ, వీపు మీద ఎక్కువగా, విడతలు విడతలుగా వస్తాయి. మశూచిలో ముఖం, చేతులు, కాళ్లు, అరచేతులు, అరికాళ్ల మీద ఎక్కువగా, ఒక చోటివన్నీ ఒకే దశలో ఉంటాయి. ఈ తేడాను చదువురాని తల్లులు కూడా మాకంటే ముందే చెప్పేవారు. ఇక టీకా సంగతి: రెండు మొనల సూదితో పదిహేను పోట్లు, ఒకే మోతాదు. వారం తిరిగేసరికి పొక్కు లేస్తే టీకా పట్టినట్టే. ఎండబెట్టి తయారుచేసిన ఆ టీకా వేసవి వేడికి కూడా నెలరోజులు తట్టుకునేది.

1975 మే 17న బీహార్‌లో కనుగొన్నది మన గడ్డ మీద పుట్టిన చివరి కేసు. అదే నెల 24న అస్సాంలోని కరీంగంజ్‌లో బయటపడినది బంగ్లాదేశ్ నుంచి వచ్చినది. ఆ తర్వాత కూడా రెండేళ్లు గాలింపు ఆపలేదని, అందుకే మశూచి పోయిందన్న ప్రకటన నిలబడిందని మీ విద్యార్థులకు చెప్పండి మాస్టారూ.

పీహెచ్‌సీ డాక్టర్:

పై సభ్యులు చెప్పినవాటి మధ్య ఉన్న ఒక పోలికను ముందుకు తేవాలనుకుంటున్నాను. మశూచి, రేబీస్ రెండూ వైరస్ ఒంట్లో ప్రవేశించిన తర్వాత వేసినా టీకా కాపాడగల అరుదైన వ్యాధులు. మశూచి రోగిని తాకిన మూడు నాలుగు రోజుల్లోపు టీకా వేస్తే వ్యాధి రాకుండానో, వచ్చినా ప్రాణాంతకం కాకుండానో ఆపగలిగేవారు. రేబీస్‌లో పొదిగే కాలం సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు, అరుదుగా ఏడాది దాటి కూడా ఉంటుంది. కాబట్టి ఆ వ్యవధి ఇంకా పెద్దది. అయితే ఆ వ్యవధి ఎంతో ఎవరికీ ముందుగా తెలియదు. ముఖం, తల, మెడ, చేతివేళ్ల మీద కాటు పడితే అది చాలా కుంచించుకుపోతుంది. పిల్లల ఎత్తు తక్కువ కావడం వల్ల కుక్క నోరు వారి ముఖానికి అందుతుంది. రేబీస్ మృతుల్లో 15 ఏళ్లలోపువారు అంత ఎక్కువగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

చర్చ చదివేవారిలో ఎవరికైనా రేపే అవసరం పడవచ్చు కాబట్టి చేయవలసిన పనిని స్పష్టంగా రాస్తున్నాను. కాటు పడిన వెంటనే కుళాయి కింద గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ఈ ఒక్క పనే గాయంలోని వైరస్‌లో చాలా భాగాన్ని తొలగిస్తుంది, ఎందుకంటే దాని కొవ్వు పొర సబ్బుకు కరిగిపోతుంది. తర్వాత పోవిడోన్ అయోడిన్ రాయవచ్చు. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, నాటు పసర్లు ఏవీ పెట్టకూడదు. అవి గాయాన్ని రేపి వైరస్‌ను నాడుల దగ్గరకు చేర్చే ప్రమాదం ఉంది. గాయానికి వెంటనే కుట్లు వేయించుకోకూడదు. తప్పనిసరైతే సీరం (దాని గురించి కింద చెబుతాను) ఇచ్చాకనే, వదులుగా వేస్తారు.

చర్మం చిట్లి రక్తం కారినా, చిట్లిన చర్మాన్ని గానీ నోరు, కన్ను వంటి చోట్లను గానీ కుక్క నాకినా దాన్ని మూడో కేటగిరీగా లెక్కిస్తాం. అప్పుడు టీకాతో పాటు రేబీస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ తప్పనిసరి. జనం సీరం అని పిలిచేది దీన్నే. టీకా వేశాక శరీరం సొంతంగా ప్రతిరక్షకాలు తయారు చేసుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అంతవరకు గాయంలోనే కాపలా ఉండేది సీరం. అందుకే దాన్ని గాయంలోకి, గాయం చుట్టూ ఎక్కిస్తాం. నేను చూసినంతలో జనానికి టీకా గురించి తెలుసు, సీరం గురించి తెలియదు. మనిషి నుంచి తీసినదైతే కిలో బరువుకు 20 యూనిట్లు, గుర్రం నుంచి తీసినదైతే 40 యూనిట్లు. మొదటి టీకా రోజున ఇవ్వలేకపోతే ఏడో రోజులోపు ఇవ్వవచ్చు.

టీకాలను ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి రెండు చోట్ల 0.1 మి.లీ. చొప్పున 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు (0 అంటే మొదటి మోతాదు వేసిన రోజు). కండరంలోకైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో భుజానికి, పసిపిల్లలకైతే తొడకు వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లన్న భయంతో ఇప్పటికీ ఆసుపత్రికి రాని పెద్దలున్నారు. అది డేవిడ్ సెంపుల్ కసౌలీలో రూపొందించిన పాత నాడీకణజాల టీకా. మన దేశంలో దాన్ని 2005 నాటికే పూర్తిగా మానేశారు.

గోదావరి మాస్టారు:

డాక్టర్ గారికి ధన్యవాదాలు. వైరస్ మొండితనం కారణం కాదని, చికిత్సకు తగిన వ్యవధి కూడా ఉందని అర్థమైంది. అయితే నా సందేహం మరింత పెరిగింది. మశూచి మనుషుల్లో మాత్రమే ఉండేది కాబట్టి గొలుసు తెంపగలిగారు. రేబీస్ కుక్కలు, నక్కలు, ముంగిసలు, అమెరికా ఖండాల్లో గబ్బిలాల్లో కూడా ఉంది. అలాంటప్పుడు దాన్ని తరిమివేయడం అసాధ్యమని ఒప్పుకోవలసిందేనా?

సీమ పశువైద్యుడు:

మాస్టారూ, ఒక్క రేబీస్ కేసు కూడా భూమి మీద మిగలకుండా చేయడం ఇప్పట్లో జరిగే పని కాదు. మనుషులు దానితో చనిపోకుండా చేయడం మాత్రం ఖచ్చితంగా సాధ్యం. ఈ రెండింటినీ కలిపి చూస్తే నిరాశ కలుగుతుంది, విడదీసి చూస్తే మార్గం కనిపిస్తుంది. మనుషుల్లో వచ్చే రేబీస్‌లో 99 శాతం కుక్కల ద్వారా వచ్చేదే. అంటే మనం గెలవవలసింది గబ్బిలాల మీద కాదు, అడవి నక్కల మీద కాదు, మన వీధిలోని కుక్కల్లో ఉన్న వైరస్ మీద.

టీకాలు లేని సమాజంలో ఒక మశూచి రోగి సగటున ముగ్గురి నుంచి ఆరుగురికి వ్యాధి అంటించేవాడు. రేబీస్ సోకిన ఒక కుక్క సగటున రెండు కుక్కలకు కూడా అంటించలేదు. అనేక దేశాల్లో చేసిన అంచనాలు ఒకటికీ రెండుకీ మధ్యనే ఉన్నాయి. వ్యాప్తి బలాన్ని బట్టి చూస్తే రేబీస్ మశూచి కంటే బలహీనమైన ప్రత్యర్థి. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే గొలుసు తెగిపోతుంది. కుక్కల ఆయుష్షు తక్కువ, ఏటా కొత్త పిల్లలు పుడతాయి, కాబట్టి ఆ 70 శాతం ఏడాది తిరిగేసరికి పడిపోతుంది. అందుకే ఏటా, ఏళ్ల తరబడి చేయాలి. ఒక ఏడాది ఉత్సవంలా చేసి మరుసటి ఏడాది మానేస్తే మొదటికొస్తుంది.

జపాన్ 1950లో చట్టం చేసి కుక్కలకు నమోదు, టీకా తప్పనిసరి చేసింది. 1957 తర్వాత అక్కడి జంతువుల్లో స్థానికంగా రేబీస్ లేదు. మెక్సికో 1990 నుంచి ఏటా కుక్కలకు ఉచితంగా సామూహిక టీకాలు వేసి, కుక్కల ద్వారా మనుషులకు వచ్చే రేబీస్ లేని తొలి దేశంగా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. అంత దూరం ఎందుకు, గోవాలో ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థ కలిసి వల పట్టుకొని వీధి వీధికీ తిరిగి టీకాలు వేయడంతో 2018 తర్వాత కొన్నేళ్లపాటు మనుషుల్లో రేబీస్ మరణం నమోదు కాలేదు. ఈ పద్ధతి మనకు చేతకానిది కాదు. రేబీస్ టీకాలు తయారుచేసే సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

కాలనీ కార్యదర్శి:

పశువైద్యులు గారు చెప్పినవి గౌరవంతో చదివాను. కానీ నగర కాలనీల్లో ఉండే తల్లిదండ్రుల బాధ కూడా ఇక్కడ నమోదు కావాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు ఒక పసివాణ్ని చంపిన దృశ్యం చూసిన తర్వాత మా కాలనీలో పిల్లల్ని ఒంటరిగా కిందికి పంపడం మానేశారు. కుక్కకు టీకా వేసినంత మాత్రాన అది కరవకుండా ఉండదు కదా. వాటిని పూర్తిగా తొలగిస్తే రెండు సమస్యలూ ఒకేసారి తీరవా?

సీమ పశువైద్యుడు:

కార్యదర్శి గారూ, మీ ఆవేదన న్యాయమైనది. టీకా వేసిన కుక్క కరవవచ్చు, గుంపుగా దాడి చేయవచ్చు. అది వేరే సమస్య, దానికి సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు, చెత్త తొలగింపు, దాడి చేసే కుక్కలను వేరుచేయడం అవసరం. అయితే రేబీస్ విషయంలో కుక్కలను చంపడం అనే పద్ధతిని ఎన్నో దేశాలు దశాబ్దాలపాటు ప్రయత్నించాయి, అది ఒక్కటే వ్యాధిని ఆపినట్టు అనుభవం లేదు. ఒక వీధిలో కుక్కలను తీసేస్తే అక్కడి తిండి కోసం పక్క వీధుల నుంచి కొత్తవి వస్తాయి, మిగిలినవి ఎక్కువ పిల్లల్ని నిలుపుకుంటాయి. వచ్చినవాటికి టీకా ఉండదు. అన్నిటికంటే నష్టం ఏమిటంటే, మనుషులకు మచ్చికైనవి, టీకా వేసినవి సులభంగా చేతికి చిక్కి ముందుగా పోతాయి. వాటితోపాటు ఆ 70 శాతం కవచం కూడా పోతుంది. 2023 జంతు జనన నియంత్రణ నియమాలు కూడా పట్టుకొని, శస్త్రచికిత్స చేసి, టీకా వేసి విడిచిపెట్టే పద్ధతినే చెబుతున్నాయి. ఆ నియమాలు సరిగా అమలు కావడం లేదన్న మీ ఆగ్రహంలో మాత్రం నేను మీతోనే ఉన్నాను.

టెక్సస్ తెలుగు:

అడవి జంతువుల సంగతి మాస్టారు అడిగారు కాబట్టి నేనుండే రాష్ట్రం గురించి చెబుతాను. మెక్సికో సరిహద్దు ప్రాంతంలో కయోటీల (తోడేలును పోలిన చిన్న అడవి జంతువులు) ద్వారా కుక్కల రేబీస్ రకం వ్యాపిస్తుండగా, 1995లో టెక్సస్ ప్రభుత్వం విమానాల నుంచి టీకా ఎరలు జారవిడవడం మొదలుపెట్టింది. జంతువు ఎరను కొరికితే లోపలి సంచి పగిలి టీకా నోటికి తగులుతుంది. కొన్నేళ్లకు ఆ రకం రేబీస్ అక్కడ పోయింది. కుక్కల రేబీస్ రకం దేశంలో లేదని 2007లో అమెరికా ప్రకటించింది. గబ్బిలాల రేబీస్ మాత్రం ఇప్పటికీ ఉంది. నిద్ర లేచేసరికి గదిలో గబ్బిలం కనిపిస్తే, గాటు కనపడకపోయినా ఇక్కడ వైద్యుణ్ని సంప్రదిస్తారు.

సూక్ష్మదర్శిని:

టెక్సస్ సభ్యులు చెప్పిన ఎరలోని టీకా గురించి తెలిస్తే మాస్టారి విద్యార్థిని తప్పక సంతోషిస్తుంది. అందులో ఉన్నది మశూచి టీకాలో వాడిన వ్యాక్సీనియా వైరసే. దాని పెద్ద డీఎన్ఏలో రేబీస్ గ్లైకోప్రోటీన్ జన్యువును చేర్చారు. నేను పైన చెప్పిన పరిమాణం ఇక్కడ అక్కరకు వచ్చింది. అంత పెద్ద జన్యుపదార్థంలో మరో జన్యువుకు చోటు దొరుకుతుంది. ఎరలో ఎక్కడా ప్రాణమున్న రేబీస్ వైరస్ లేదు, దాని ఉపరితలపు ముల్లు మాత్రమే ఉంది. కాబట్టి ఎర తిన్న జంతువుకు టీకా వల్ల రేబీస్ వచ్చే అవకాశమే లేదు. బెల్జియం, ఫ్రాన్స్, లక్సెంబర్గ్‌లలో నక్కలకు కూడా దీన్నే వాడారు. ఒక వ్యాధిని భూమి మీద లేకుండా చేసిన టీకా వైరస్ రెండో వ్యాధిపై పోరులో వాహనమైంది.

సీమ పశువైద్యుడు:

వ్యాక్సీనియా ప్రస్తావన వచ్చింది కనుక ఒక్క మాట. మన గేదెల పొదుగుల మీద వచ్చి, పాలు పితికేవారి చేతులకు అంటుకునే గేదె మశూచి కూడా ఆ వంశానిదే. ఆంధ్ర, మహారాష్ట్రలలో అప్పుడప్పుడు కనిపిస్తుంటుంది. ప్రాణాంతకం కాదు. చేతిపై పొక్కులు వచ్చినవారు మశూచి తిరిగొచ్చిందని భయపడనవసరం లేదు గానీ, వైద్యునికి చూపించి, మానేవరకు పాలు పితకడం మానాలి.

గోదావరి మాస్టారు:

నా ప్రశ్నకు సమాధానం దొరికింది. మరో రెండు సందేహాలు పిల్లల తల్లిదండ్రులు తరచు అడిగేవి. గతంలో పూర్తి కోర్సు తీసుకున్న పిల్లవాణ్ని మళ్లీ కుక్క కరిస్తే మొత్తం మళ్లీ వేయించాలా? కరిచిన కుక్కను పది రోజులు గమనించి, అది బాగుంటే టీకా అక్కర్లేదనడం సరైనదేనా?

పీహెచ్‌సీ డాక్టర్:

మాస్టారూ, గతంలో పూర్తి కోర్సు తీసుకున్నట్టు ఆధారం ఉంటే 0, 3 రోజుల్లో రెండు విడతలు చాలు, సీరం అవసరం లేదు. గాయం కడగడం మాత్రం ప్రతిసారీ తప్పదు. అందుకే టీకా కార్డును ఆధార్ కార్డులా భద్రపరచమని తల్లిదండ్రులకు చెప్పండి. కార్డు లేకపోతే మేము కొత్త కేసుగానే పరిగణించి మొత్తం వేస్తాం.

పది రోజుల నియమం కుక్క, పిల్లి రెండింటికి మాత్రమే వర్తిస్తుంది. లాలాజలంలో వైరస్ వెలువడుతున్న కుక్క పది రోజుల్లోపు జబ్బుపడి చనిపోతుందన్నది దాని ఆధారం. కోతి, ముంగిస, నక్క కరిస్తే ఈ లెక్క పనికిరాదు. కుక్క విషయంలో కూడా టీకా ఆపి గమనించడం తప్పు. టీకా మొదటి రోజే మొదలుపెట్టి, పక్కన కుక్కను గమనిస్తూ ఉండాలి. పది రోజులకు అది ఆరోగ్యంగా ఉంటే మిగిలిన మోతాదుల విషయం వైద్యులు నిర్ణయిస్తారు. వీధికుక్క కరిచి కనిపించకుండా పోతే దాన్ని రేబీస్ కుక్కగానే భావించి కోర్సు పూర్తి చేయాలి. కాటు పడి వారాలు, నెలలు గడిచాక వచ్చినా ఆలస్యమైందని వెనక్కి పంపం, ఆ రోజే మొదలుపెడతాం. మీ బడి పిల్లల్లో అలా చెప్పకుండా దాచినవారు ఎవరైనా ఉన్నారేమో ఒకసారి తరగతిలో అడగండి. తిడతారని భయపడి ఇంట్లో చెప్పని పిల్లలు మా దగ్గరకు ఆలస్యంగా వస్తుంటారు.